పక్క సీటు నుంచి: ‘ఎద్దుబండిలా నడుపుతావేంటి?’

(విశాఖపట్నం మద్దిలపాలెంలో 19 ఏళ్ళుగా కారు డ్రైవింగ్ నేర్పుతున్న టీచరమ్మ పాఠకుల ఉత్తరాలకు ఇచ్చే జవాబులు)

పోయిన నెల పార్కింగ్ గురించి రాశాను కదా, ఈసారి ఉత్తరాలన్నీ పార్కింగ్ మీదే వస్తాయనుకున్నాను. రెండు వచ్చాయి. మిగతావన్నీ తిట్ల గురించే. వెనకవాడు ఏమన్నాడు, ఇంట్లోవాళ్ళు ఏమని నవ్వారు, ఫ్రెండ్స్ ఏం పేరు పెట్టారు. అందుకని రివర్స్ గేరు పాఠం వచ్చే నెలకు వాయిదా.

ప్రశ్న: మేడమ్, నాకు 38 ఏళ్ళు. మధురవాడ కార్‌షెడ్ దగ్గర ఇల్లు, ద్వారకానగర్‌లో ఉద్యోగం. ఏడాదిన్నరగా కారు నేనే నడుపుకుని వెళ్తున్నాను. ఇప్పటిదాకా బండికి గీత కూడా పడలేదు. హైవే మీద 50 దాటను. రోజూ ఒక్కదాన్నే వెళ్తాను కాబట్టి హాయిగానే ఉంటుంది. ఆదివారం అందరం కలిసి బయల్దేరితేనే నరకం. మా ఆయన ‘వెనకాల ఊరేగింపు వస్తోంది చూడు పెళ్ళికూతురా’ అంటారు. మా మరిది ‘వదినా, ఆటో కూడా దాటేసింది’ అంటాడు. పదో తరగతి చదివే మావాడు ఫ్రెండ్స్ ఎవరైనా చూస్తారని సీట్లో కిందికి జారి కూర్చుంటాడు. మొన్న హనుమంతవాక దగ్గర వెనక కారతను ఆపకుండా హారన్ కొట్టి, పక్కకొచ్చి అద్దం దించి ‘ఆడాళ్ళకి కార్లెందుకు’ అని అరిచి వెళ్ళిపోయాడు. మా కారులో ఒక్కరు కూడా అతన్ని ఏమీ అనలేదు. ‘నువ్వు కాస్త స్పీడు పెంచొచ్చుగా’ అని నన్నే అన్నారు. నిజంగా తప్పు నాదేనా?
- పేరు వేయొద్దన్న పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క సంగతి లేదమ్మా. ఏ వరుసలో వెళ్తున్నారు? డివైడర్‌ని ఆనుకుని 50లో వెళ్తుంటే, హారన్ కొట్టినతనిది నోటి తప్పు, మీది చోటు తప్పు. ఎడమ వరుసలో 50లో వెళ్తుంటే మీ తప్పేమీ లేదు, ఇక్కడితో ఉత్తరం మడిచి పెట్టేయొచ్చు. కుడి వరుస దాటేవాళ్ళది. దాటడం అయ్యాక మళ్ళీ ఎడమకి వచ్చేయాలి. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళు కూడా ఈ ఒక్కటి మరిచిపోతారు. ఎందుకంటే ఎడమ పక్క ఆటోలు ఆగుతాయి, బస్సులు ఆగుతాయి, సర్వీసు రోడ్డులోంచి బైకులు దూసుకొస్తాయి. భయం వేసి కుడి పక్కకి చేరి అక్కడ నెమ్మదిగా వెళ్తారు. ఆ భయం నాకు తెలుసు. అయినా ఎడమే.

ఇక టైము లెక్క. కార్‌షెడ్ నుంచి మద్దిలపాలెం సుమారు 10 కిలోమీటర్లు అనుకోండి. 50లో ఒక్క సిగ్నలూ పడకుండా వెళ్తే 12 నిమిషాలు. 70లో వెళ్తే ఎనిమిదిన్నర. తేడా మూడున్నర నిమిషాలు. ఎండాడ, హనుమంతవాక, వెంకోజీపాలెం, ఇసుకతోట... వీటిలో ఒక్కచోట రెడ్ పడినా ఆ మూడున్నరలో సగం అక్కడే పోతుంది. మీ మరిదికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టమని చెప్పండి. దాటేసిన ఆటో ఏ సిగ్నల్ దగ్గర మళ్ళీ పక్కన నిలబడిందో కూడా రాసుకోమనండి. పని ఉన్న నోరు ఊరుకుంటుంది.

అయితే 50కి, 70కి తేడా టైములో కన్నా ఆగడంలో ఎక్కువ తెలుస్తుంది. కొమ్మాది దాటాక ప్లాట్లు వేసి ఇళ్ళు కట్టని లేఅవుట్ ఒకటి ఉంది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఆఖరి క్లాసు అక్కడే. డిక్కీలో ముగ్గుపిండి డబ్బా ఉంటుంది. రోడ్డుకి అడ్డంగా ఒక గీత వేస్తాను. ముందు చక్రం గీత మీదికి రాగానే బ్రేకు గట్టిగా తొక్కాలి. ఎక్కడ ఆగిందో అంగలతో కొలుస్తాం.

ఒకసారి నేర్చుకునే ఆవిడతో పాటు వాళ్ళాయన కూడా వచ్చారు. వెనక సీట్లో కూర్చుని మొదటి నుంచీ ఎద్దుబండి జోకులే. సరే, మీరు దిగి కొలవండి సార్ అన్నాను. 20లో వచ్చి తొక్కితే మూడంగల్లో ఆగింది. ‘ఇప్పుడు 40లో వస్తుంది, ఎక్కడ ఆగుతుందో మీరే గుర్తు పెట్టండి’ అన్నాను. ఆయన ఆలోచించకుండా ఆరంగలు వేసి, చేతిలో ఉన్న నీళ్ళ సీసా అక్కడ నిలబెట్టారు. స్పీడు రెట్టింపైతే దూరమూ రెట్టింపు అనుకున్నారు, అందరూ అలాగే అనుకుంటారు. ఆవిడ 40లో వచ్చి గీత మీద బలంగా తొక్కింది. కారు సీసాని తొక్కుకుంటూ వెళ్ళి పన్నెండో అంగ దగ్గర ఆగింది. ఆయన వెళ్ళి చితికిపోయిన సీసా తీసి, నీళ్ళు కారుతుంటే కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు. జోకులు మానేశారని అనను, సింహాచలం రోడ్డెక్కేసరికి మళ్ళీ మొదలుపెట్టారు. కానీ ఆవిడ స్పీడు మీద మాత్రం ఇంకొకటి వేయలేదు.

స్పీడు రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. అదీ బ్రేకు మీద కాలు పడ్డ తర్వాత లెక్క. కాలు పడేలోపే 40లో ఉన్న కారు సెకనుకి 11 మీటర్లు, 60లో ఉన్నది దాదాపు 17 మీటర్లు వెళ్ళిపోతుంది. వాన పడితే ఇవన్నీ ఇంకా పెరుగుతాయి.

ముందు బండికి ఎంత దూరంలో ఉండాలని అడిగేవాళ్ళకి నేను మీటర్లు చెప్పను. ముందు కారు ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే ‘సింహాద్రి అప్పన్నా, సింహాద్రి అప్పన్నా’ అని మామూలుగా రెండుసార్లు అనుకోమంటాను. అది పూర్తయ్యాకే మీరు ఆ స్తంభాన్ని చేరాలి. రెండు సెకన్లకి సరిపోతుంది. వాన రోజు నాలుగుసార్లు. ముస్లిం అమ్మాయి ఒకావిడ వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంది, టైము సరిగ్గానే వచ్చింది.

హారన్ కొట్టినతను ఎలాగూ పోయాడు. మీకు గుచ్చుకున్నది మీ కారులోవాళ్ళ మాట. ఈ విషయంలో నేనేమీ గొప్పదాన్ని కాదు. పద్నాలుగేళ్ళ కిందట భీమిలిలో మా తోడికోడలి తమ్ముడి పెళ్ళి. అప్పటికే నేను అయిదేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. కారులో అయిదుగురం, ముందు సీట్లో మా బావగారు. బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటిన దగ్గర్నుంచి ఆయన వాచీ చూడటం మొదలుపెట్టారు. ‘ముహూర్తం దాటిపోతుందమ్మా. ఖాళీ రోడ్డేగా, తొక్కు. నలుగురికి నేర్పేదానివి నీకే భయమైతే ఎలా?’ ఆ ఆఖరి మాటకి పడిపోయాను. 80కి వెళ్ళాను. మంగమారిపేట దగ్గర ఆరేసిన వలల పక్క నుంచి మేక ఒకటి రోడ్డెక్కింది. బ్రేకు తొక్కాను, కానీ సెకనుకి 22 మీటర్లు వెళ్ళే బండి అది.

మేకగలావిడ పరుగెత్తుకొచ్చింది. తిట్టలేదు. మేక తల ఒళ్ళో పెట్టుకుని ‘అంత తొందరేటమ్మా మీకు?’ అంది. జవాబు చెప్పడానికి పక్కకి తిరిగి చూశాను. బావగారు ఫోన్ చూసుకుంటున్నారు. అడిగినంత ఇచ్చి బయల్దేరాం. మేం వెళ్ళేసరికి పంతులుగారు ఇంకా గౌరీపూజే చేయిస్తున్నారు. సాయంత్రం బంతిలో కూర్చున్నప్పుడు బావగారు పది మందిలో నవ్వుతూ అన్నారు: ‘మా మరదలు డ్రైవింగ్ టీచరు, పొద్దున్నే మేకను గుద్దేసింది.’

అందుకే ఇప్పుడు నాదొక పద్ధతి. పక్క సీట్లోంచి ‘తొక్కు’ అన్న మాట వస్తే ఒకసారి ఊరుకుంటాను. రెండోసారి వస్తే ఇండికేటర్ వేసి ఎడమకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం చెవి చేతికిస్తాను. కోపంగా కాదు, టీ కప్పు అందించినట్టు. తీసుకున్నవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళు ‘అబ్బే, నువ్వే పోనియ్’ అన్నారు. మీ మరిది తీసుకుంటే తీసుకోనివ్వండి. ఈ-చలానా వస్తే అది బండి ఎవరి పేరున ఉందో వాళ్ళ ఫోన్‌కి వస్తుందని, కారుకి స్పీడు జరిమానా 1,000 నుంచి 2,000 దాకా ఉంటుందని ముందే చెప్పండి.

సీట్లో జారి కూర్చునే మీ అబ్బాయిని ముగ్గుపిండి డబ్బా ఇచ్చి ఒక ఆదివారం ఖాళీ రోడ్డుకి తీసుకెళ్ళండి. పదో తరగతివాడికి గతిశక్తి లెక్క పుస్తకంలో కన్నా అక్కడ బాగా అర్థమవుతుంది. ‘ఆడాళ్ళకి కార్లెందుకు’ అన్న మాటకి మాత్రం ఇన్నేళ్ళలో నాకు జవాబు దొరకలేదు. అద్దం ఎక్కించుకుంటాను.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వయసు 67. ఎక్కడికెళ్ళినా గంటకు 30 కిలోమీటర్లే. ‘నిదానమే ప్రధానం’ అన్నారు పెద్దలు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర నాలుగు లైట్లూ వెలిగించి జాగ్రత్తగా దాటతాను. అయినా ఈ కాలపు కుర్రాళ్ళు నన్ను చూసి హారన్లు కొడతారు. సభ్యత నేర్పేవారే లేరా?
- పెందుర్తి పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ పక్షాన నాలుగు మాటలు రాస్తానని ఎదురుచూస్తున్నారు. రాయలేను, క్షమించండి. కాలనీ సందులో 30 చాలా మంచి స్పీడు, బడి దగ్గర అంతకన్నా తగ్గించాలి. హైవే మధ్యలో 30 అంటే మాత్రం వెనక వచ్చే లారీవాడికి మీరు అడ్డంగా పెట్టిన బల్ల. అతనికి కూడా ముగ్గుపిండి లెక్కే వర్తిస్తుంది, పైగా బరువు వేసుకుని వస్తున్నాడు. ఎడమ చివరికి వచ్చేయండి, లేదా సర్వీసు రోడ్డు ఉన్నచోట అందులో వెళ్ళండి.

ఆ నాలుగు లైట్లు: అవి బండి ఆగిపోయిందని, ఇక్కడ ప్రమాదం ఉందని చెప్పడానికి. నేరుగా వెళ్ళేటప్పుడు అసలు ఏ లైటూ అక్కర్లేదు. నాలుగూ వెలిగిస్తే మీ ఎడమ పక్కనున్న బైకతనికి ఎడమ లైటు ఒక్కటే కనిపిస్తుంది, మీరు అటు తిరుగుతున్నారని అనుకుంటాడు. మీరు నేరుగా పోతారు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఉలిక్కిపడాలి. మా ఊళ్ళో ఈ అలవాటు ఎలా పాకిందో గానీ, వాన చుక్క పడితే చాలు హైవే అంతా దీపావళి.

ఇంకొకటి. మిమ్మల్ని ఎవరైనా దాటుతున్నప్పుడు మీరు స్పీడు పెంచుతారని మీ ఉత్తరంలో లేదు కానీ, నెమ్మదిగా నడిపే పెద్దమనుషులు చాలామందిలో ఆ పౌరుషం చూశాను. దాటుతున్న బండికి అడ్డుపడేలా స్పీడు పెంచకూడదని నిబంధనే ఉంది. అద్దంలో చూసి పోనివ్వండి.

ప్రశ్న: అక్కా, నేను గాజువాకలో ఫుడ్ డెలివరీ చేస్తాను. 22 ఏళ్ళు. ఆర్డర్ తీసుకున్న దగ్గర్నుంచి ఫోన్‌లో టైము తగ్గుతూ ఉంటుంది. లేటైతే కస్టమర్లు ‘మ్యాప్‌లో పక్కనే కనిపిస్తున్నావ్, ఏం చేస్తున్నావ్’ అని ఫోన్ చేస్తారు. తోటి కుర్రాళ్ళు ‘నేను ఇరవై కొట్టాను, నువ్వు పద్నాలుగేనా’ అని నవ్వుతారు. నెమ్మదిగా వెళ్తే డబ్బులు రావు. స్పీడుగా వెళ్తే అమ్మకి టెన్షన్. ఏం చేయమంటారు?
- గాజువాక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ముందు నీకు తెలియని ముక్క ఒకటి చెప్తాను. మోటారు వాహనాల చట్టం, 1988 అని ఉంది కదా, అందులో 183వ సెక్షన్ స్పీడు గురించి. జరిమానా నడిపినవాడికి ఒక్కడికే కాదు, తన కింద పనిచేసేవాడి చేత అలా నడిపించినవాడికీ ఉంది. అదే సెక్షన్‌లో ఇంకో మాట: ఫలానా ప్రయాణం ఫలానా టైములో పూర్తి చేయాలని ఎవరైనా టైమ్‌టేబుల్ వేసినా, ఆదేశం ఇచ్చినా, స్పీడు లిమిట్ దాటకుండా అది సాధ్యం కాదని కోర్టు అనుకుంటే, ఆ టైము పెట్టినవాడే తప్పు చేశాడనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. బస్సుల కాలంలో రాసిన ముక్క. నీ ఫోన్‌లో తగ్గే అంకెలకి ఎంత బాగా సరిపోతుందో చూడు.

యాప్ దగ్గర పనిచేసేవాడు ఉద్యోగా, పార్ట్‌నరా అన్న గొడవ లాయర్లది. ఈ సెక్షన్ చూపిస్తే నీ రేటింగ్ పెరగదని నాకూ తెలుసు. తప్పు నీ ఒక్కడిదే అని ఎవరైనా అన్నప్పుడు తలదించుకోకుండా ఉంటావని చెప్పాను.

డబ్బుల సంగతికి వద్దాం. నీలాంటి కుర్రాళ్ళు నలుగురు నా దగ్గర కారు నేర్చుకున్నారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి టైము పోయేది రోడ్డు మీద కన్నా రెండు కొసల్లో ఎక్కువ: హోటల్ దగ్గర నిలబడటం, అపార్ట్‌మెంట్ దగ్గర బ్లాకు వెతుక్కోవడం, లిఫ్టు. బయల్దేరే ముందే కస్టమర్‌కి ఫోన్ చేసి గేటు ఏ వైపు, ఏ బ్లాకు అని అడిగేయ్. బండి వెళ్ళే దిక్కుకి తిప్పి పెట్టుకో. ఇలా మిగిలే రెండు నిమిషాలు, 40 నుంచి 60కి పెంచితే మిగిలేదానికన్నా ఎక్కువే ఉంటాయి. రెండు మూడు కిలోమీటర్ల ట్రిప్పులో స్పీడుతో మిగిలేది ఒక నిమిషం, ఒకటిన్నర. యూ-టర్న్ దూరమని రాంగ్ రూట్లో రావడం మాత్రం మానెయ్. ఎన్‌ఏడీ జంక్షన్ వైపు ఆ పని చేసేవాళ్ళని చూస్తే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తుంది.

ఎండలు ముగిసి మొదటి వాన పడుతుంది చూడు, ఆ పావుగంట చాలా చెడ్డది. ఇన్నాళ్ళు రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ పైకి తేలతాయి. తెల్ల గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద బ్రేకు వేయకు. బీచ్ రోడ్డు ఆర్డర్ అయితే మలుపుల్లో ఇసుక ఉంటుంది, మలుపులోకి వెళ్ళకముందే స్పీడు తగ్గించాలి.

తోటివాళ్ళ ఇరవైకి నా దగ్గర మందు లేదు. వాళ్ళ బండి సర్వీసింగ్ ఖర్చు, చలానాలు తీసేసి నెలకి ఎంత మిగిలిందో ఒకసారి అడిగి చూడు. చాలామంది లెక్కే వేసి ఉండరు.

ఇది చదువుతున్న మిగతావాళ్ళకి: వాన రాత్రి బిర్యానీ చెప్పి, అయిదో నిమిషంలో ‘ఎక్కడున్నావ్’ అని ఫోన్ చేయకండి. ఆ ఫోన్ ఎత్తడానికి అతను ఒక చేయి వదలాలి.

ప్రశ్న: మావాడికి 16 నిండాయి. ఇంటర్ ఫస్టియర్. 125 సీసీ స్కూటర్ కొనమని అన్నం మానేశాడు. వాళ్ళ క్లాసులో సగం మందికి బండ్లున్నాయట. రాత్రిళ్ళు ఫ్రెండ్స్ భీమిలి రోడ్డులో పందేలు కూడా పెట్టుకుంటారని వాడి చెల్లెలు చెప్పింది. మా నాన్నగారేమో ‘మగపిల్లాడు, ఎప్పటికైనా నేర్చుకోవాలిగా’ అంటారు. అందరూ ఇస్తుంటే నేనొక్కణ్ణే చెడ్డవాణ్ణి అవుతున్నాను.
- ఎంవీపీ కాలనీ తండ్రి

జవాబు: అవండి. ఇంకో రెండేళ్ళు చెడ్డవాడిగానే ఉండండి.

మోటారు వాహనాల చట్టంలో 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న 199ఏ సెక్షన్ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, సంరక్షకుడికో, బండి ఓనరుకో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి చేయాల్సిందంతా చేశాననో రుజువు చేసుకుంటే తప్ప బయటపడటం కష్టం. మీరు స్కూటర్ కొని ఇచ్చాక తెలియదని ఎలా అంటారు? పందేలకు వేరే సెక్షన్, 189. మొదటిసారికే మూడు నెలల దాకా జైలో, 5,000 దాకా జరిమానానో, రెండూనో.

16 ఏళ్ళకి చట్టం అనుమతించేది 50 సీసీ దాటని బండి. షోరూమ్‌లో మీకు అలాంటిది కనిపించదు. 250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నాయి, వాటికి లైసెన్స్ అక్కర్లేదు. చెప్పి చూడండి. ‘అది నడపడం పరువు తక్కువ’ అంటాడు. అప్పుడు వాడికి కావలసింది బండి కాదు, పందెం అని మీకే తెలిసిపోతుంది. బస్సు పాసు తీసివ్వండి. అన్నం సంగతికి మీరు భయపడకండి, ఆకలి వాళ్ళ నాన్నకన్నా గట్టిది. తాతగారికి 25,000 ఎవరు కడతారో మర్యాదగా అడగండి.

ప్రశ్న: అరకు నుంచి దిగేటప్పుడు మా కజిన్స్ ‘న్యూట్రల్ చెయ్ రా, పెట్రోల్ మిగులుతుంది, బండి జామ్మని జారుతుంది’ అని ఒకటే గోల. నేను సెకండ్ గేరులో దిగుతుంటే తాతయ్య డ్రైవింగ్ అంటారు. ఎవరు కరెక్ట్?
- సీతమ్మధార

జవాబు: తాతయ్యే. అనంతగిరి ఘాట్‌లో న్యూట్రల్ చేస్తే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. మలుపు మలుపుకీ తొక్కుతుంటే అవి కాలిపోయి, ఒక మలుపులో తొక్కినా పట్టవు. గేరులో ఉంటే ఇంజనే వెనక్కి లాగి పట్టుకుంటుంది. పెట్రోల్ మాట కూడా పాత కార్ల నాటిది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంధనం దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ తిరగడానికి ఇంకా కాస్త తాగుతుంది. ఇరుకుగా ఉన్నచోట ఎక్కే బండికి దారివ్వాలి, దిగేవాళ్ళే ఆగాలి. మీ కజిన్స్‌ని తర్వాతిసారి కొత్తవలస–కిరండూల్ లైన్ రైల్లో తీసుకెళ్ళండి, సొరంగాల్లో అరుచుకుంటారు.

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్ళు. నేను బండి నడపను. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఫ్రెండ్ స్కూటీ వెనక కూర్చుంటాను. తెన్నేటి పార్కు మలుపుల్లో తను 70లో వెళ్తుంది. భయమేస్తుంది. నెమ్మదిగా పొమ్మంటే ‘భయపడితే ఎక్కకు’ అంటుంది. అందరి ముందూ ‘ఇది వెనక కూర్చుంటే నా భుజాలు పచ్చడే’ అని నవ్విస్తుంది. స్నేహం పోకుండా ఎలా చెప్పాలి?
- ఒక బీఎస్సీ విద్యార్థిని

జవాబు: ‘భయంగా ఉంది’ అంటే తను ఇంకా తొక్కుతుంది. ఆ వయసులో నేనూ అంతే, మా నాన్న లూనా మీద. మంచిగా కూర్చుని మాట్లాడు, హెల్మెట్ వెనకవాళ్ళకి కూడా తప్పనిసరని చెప్పు, నీది నువ్వు కొనుక్కో. ఇవన్నీ బండి ఆగి ఉన్నప్పుడు చేసేవి.

బండి వెళ్తుండగా అయితే ఒక్కటే మాట పనిచేస్తుంది. భుజం మీద తట్టి, ‘ఒసేయ్, నాకు వాంతి వచ్చేలా ఉంది’ అను. నిజంగా వస్తున్నట్టు ఒకసారి కాస్త ముందుకి వంగు. తన కొత్త డ్రెస్ మీద అన్న ఆలోచన రాగానే 70 కాస్తా 20 అవుతుంది. పక్కకి ఆపేస్తుంది కూడా. దిగి, నీళ్ళు తాగి, ‘నువ్వెళ్ళవే, నేను ఆటోలో వస్తా’ అను. వారంలో రెండుసార్లు ఇలా అయితే నీ కడుపు సంగతి కాలేజీ అంతా తెలుస్తుంది, తనే నెమ్మదిగా తీసుకెళ్తుంది.

ఆటోవాడు కూడా స్పీడుగా వెళ్తే? ఇదే మాట. ఆటోలో ఇంకా త్వరగా పనిచేస్తుంది, సీటు కడుక్కోవలసింది అతనే.